వాగుకు ఇవతలి పాలు

వాగు మీద దారికి వేసే తూముకని వచ్చిన సిమెంటు గొట్టాలు ప్రెసిడెంటుగారి తోటలో పడున్నాయనీ, వాటిలో కోళ్ళు గుడ్లు పెడుతున్నాయనీ పక్కింటావిడ గోడ మీద గడ్డం ఆనించి చెప్పింది. ఆవిడకు తోడికోడలు చెప్పిందట. తోడికోడలు కళ్ళారా చూసిందట.

పాలపిన్ని తలెత్తలేదు. ఊళ్ళో చిన్నా పెద్దా అందరికీ ఆమె పాలపిన్నే. గేదె పొదుగు దగ్గర గొంతుక్కూర్చుని, మోకాళ్ళ మధ్య తపేలా నొక్కిపట్టి పిండుతూనే ఉంది. బొటనవేలు మడిచి పిండీ పిండీ కణుపు మీద కాయ కాసింది.

"ఈ పూట కూడా పాలు తిరిగొస్తే గేదెను బేరగాడికి ఇచ్చేస్తా. తర్వాత నన్ననకు," అన్నాడు అరుగు మీద నుంచి మొగుడు.

"ముందు నోరు కడుక్కో. తర్వాత అమ్ముదువుగాని," అంది.

పాత ప్రెసిడెంటు నోరు మురుగ్గుంట. ఆడా మగా చూడకుండా తిట్టేవాడు. కానీ వానలకు ముందే పంచె ఎగగట్టి వాగులో దిగి, తూము మీద దగ్గరుండి కంకర పోయించేవాడు. పాల వ్యాను గుమ్మం ముందుకే వచ్చేది. ఆ పాలతోనే ఇంటి కప్పు మారింది, కూతురు పై చదువు చదివింది. కొత్తాయన నోరు తేనె. ఎదురుపడితే చాలు, "బాగున్నావా పిన్నీ" అంటాడు. జనం ఆ తేనె నాకుతుండగానే తూము కూలింది. వ్యాను అవతలి గట్టునే ఆగిపోయింది. నాలుగు గేదెల కొట్టంలో ఒక్కటి మిగిలింది.

వాగు నడుము లోతు పారుతోంది. నిన్న కాలు జారి క్యాను మునిగింది. "నీళ్ళు కలిపేవాళ్ళని చూశాను గానీ, వాగునే కలిపినదానివి నువ్వే పిన్నీ," అని వ్యాను డ్రైవరు నవ్వి తిప్పి పంపాడు. అందుకే ఇవాళ పిండిన వేడి తగ్గని పాలనే క్యానులో పోసి, మూత బిగించి, గుడ్డ చుట్టి తాడు కట్టేసింది. చల్లారేదాకా మూత వదులుగా ఉంచాలని తెలియక కాదు. వాగు భయం ఆ తెలివిని మింగేసింది.

క్యాను నెత్తిన పెట్టుకుని, కాలితో రాళ్ళు తడుముకుంటూ దాటింది. ఒక రాయి కదిలినప్పుడు రెండు చేతులా క్యానును అదిమిపట్టింది. చుక్క తొణకలేదు. వ్యాను ఆలస్యమైంది. ఎండ క్యాను మీదే కాసింది. చివరికి డ్రైవరు వచ్చి గరిటెడు పాలు తీసి, చిన్న పొయ్యి మీద కాచాడు. ఆమె కన్నార్పకుండా చూసింది. పాలు పొంగలేదు. ముక్కలు ముక్కలుగా విరిగాయి.

"వేడిగా మూసేశావా పిన్నీ?" అన్నాడు. ఈసారి నవ్వలేదు.

మధ్యాహ్నానికి బేరగాడు వచ్చాడు. గేదె మొదట మొరాయించింది. ఆమె తనే వెళ్ళి గంగడోలు నిమిరి, వాగు గట్టుదాకా నడిపించి వెనక్కి తిరిగింది.

సాయంత్రానికి వాగు తగ్గింది. చెప్పులు చేత్తో పట్టుకుని, తడిసిన ప్యాంటుతో ప్రెసిడెంటు వచ్చాడు. ఖాళీ కొట్టం చూసి నాలుక కరుచుకున్నాడు.

"అయ్యో, తొందరపడ్డావు పిన్నీ! వచ్చే నెల తూము వేయిస్తున్నాగా. అందాకా గేదెను ఉంచుకోవాల్సింది."

మొగుడు నేల చూశాడు. పక్కింటావిడ గోడ మీంచి గడ్డం తీసింది. కొట్టం ఊడుస్తున్న పాలపిన్ని చీపురు పట్టుకునే నడుము నిటారు చేసింది.

"గేదె వాగులో దిగి నడిచెళ్ళిపోయింది బాబూ. దానికి తూమెందుకు? తూము కావాల్సింది పాలకి."