ఉప్పు తాగిన బత్తాయిలు

పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఏడు, ఎండలు ముదరకముందే బత్తాయి తోటను ఎండగట్టాం. శేరిలింగంపల్లి పొలిమేరలో దొర తోట అది. మా మామ పోచయ్య దాన్ని చూసుకునేవాడు. అత్త, మామ, నేను, మా ముగ్గురి కాపురం తోటలోని గుడిసెలోనే.

ఎండగట్టడమంటే నెల దాటేదాకా నీళ్ళు ఆపి, వేళ్ళ మీది మట్టి తీసి, ఆకు వాడి ముడుచుకునేదాకా ఓపిక పట్టడం. ఆ తరువాత ఎరువేసి నీళ్ళు పెడితే చెట్టంతా ఒక్కసారే పూస్తుంది.

ఆ ఏడు ఎగువన, వాగు ఒడ్డున తోళ్ళ కార్ఖానా వెలిసింది. తోళ్ళు కడిగిన ఉప్పునీళ్ళు వాగులోకే వదిలేవారు. మా మోటబావి వాగును ఆనుకునే ఉంది. తాగడానికి మాత్రం ఊళ్ళోని మంచినీళ్ళ బావి నుంచి తెచ్చుకునేవాళ్ళం.

మామ మోట తోలాడు. పార పట్టుకొని, మడవ తీసి పాదులకు నీళ్ళు మళ్ళించే పని నాది. పూత విరగబూసింది. పది రోజులకు ఆకుల అంచులు మాడాయి.

"ఇంక దూప తీరలేదు వాటికి," అన్నాడు మామ. "మళ్ళ పెట్టాలె."

మళ్ళీ పెట్టాం. మాడిన మచ్చ ఆకు నడుమదాకా పాకింది. దాహమే అనుకొని ఇంకా పెట్టాం. పూత రాలిపోయింది. ఆరిన పాదుల్లో తెల్లటి పొర తేలింది.

కొస వరుస మెరక మీద ఉండేది. మోట నీళ్ళు అక్కడికి ఎక్కవు. ఆ పన్నెండు చెట్లకు మా అత్త బుచ్చమ్మ, నేను మంచినీళ్ళు కుండలతో మోసి పోసేవాళ్ళం. వాటికి ఆకు పచ్చగా ఉంది, పిందె పట్టింది.

"మామా, నీళ్ళే చంపుతున్నయి," అన్నాను. "కొస వరుస చూడు."

మామ చూశాడు. బావి నీళ్ళు దోసిట్లో తీసుకొని చప్పరించాడు. ఎద్దులను విప్పేశాడు.

మరునాడు పొద్దున్నే దొర మున్షీ బాలనర్సయ్య వచ్చాడు.

"ఏందిరా పోచయ్యా, మోట పండుకున్నది?"

"నీళ్ళు చెడ్డయి మున్షీసాబ్. కార్ఖానా ఉప్పు దిగింది."

మున్షీ నాలుకకు తగిలించుకొని ఉమ్మేశాడు. "ఉప్పు తిన్నోడు నీళ్ళు తాగాలె అంటరు. నీ చెట్లకు రెండూ ఒక్కసారే దొరుకుతున్నయి. ఇంకేం ఫికర్?"

"దొర జర కార్ఖానోళ్ళకు చెప్తే..."

"ఆ జాగ గూడ దొరదే. నువ్వు నీళ్ళాపి తోటను చంపినవని తెలిస్తే, రేపే నీ గుడిసె పీకిస్తడు." కొస వరుస వైపు చెయ్యి చూపాడు. "ఆ పాదులు ఎండినయేంది? కాలువ కట్ట ఎత్తి వాటికీ పెట్టు."

"అయ్యా, అవొక్కటే బాగున్నయి," అంది అత్త. "మేం కుండలతోని పోస్తం."

"కుండలతోని తోట పండిస్తరా! మీ మొగోళ్ళకు ఎద్దులెందుకు మరి?" నవ్వుకుంటూ గట్టు మీద చతికిలబడ్డాడు.

మామ ఎద్దులను కట్టాడు. నా వైపు చూడలేదు. "కట్ట ఎత్తు బిడ్డా," అన్నాడు.

మట్టి తోడి కట్ట మీద వేశాను. ఎత్తిన కొద్దీ నీళ్ళు మెరక ఎక్కాయి. మొదటి పాదు నురుగుతో నిండి, చూస్తుండగానే ఇంకిపోయింది. అత్త గుడిసెలోకి వెళ్ళి తడిక వేసుకుంది.

పన్నెండూ తడిసేదాకా లేవనన్నాడు మున్షీ.

రెండో పాదుకు మడవ తీశాను.