రాడ్డుకు వదిలిన లూజు

టైలరు మాస్టరు దగ్గర చొక్కా కుట్టించుకున్నవాడెవడూ చంక దగ్గర బిగుతైందని వెనక్కి రాలేదు. తొడిగి చూపించి, చేతులు పైకెత్తమని, కిందికి దించమని, ఇబ్బందేమైనా ఉందా అని అడగందే ఆయన ఎవరినీ పంపడు. ఊళ్ళో వాళ్ళందరి ఒళ్ళూ ఇంతగా పట్టించుకునే మనిషికి, ఇంట్లో ఉన్న భార్య నడుం మాత్రం కంటికి ఆనలేదు.

ఆయనకో కారుంది. రెండు తలుపులది, నేలకు ఆనుకున్నట్టుండే బండి, వయసులో ఉన్నప్పుడు పందేలకు వెళ్ళిన రకం. ఆ పాత ఇనుమెందుకయ్యా అని అందరూ అన్నా, పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని కొన్నాడు. అలాంటి బండి మలుపులో ఒక పక్కకు ఒరిగిపోకుండా కింద ఒక ఇనుప రాడ్డుంటుంది. కుడి చక్రానికీ ఎడమ చక్రానికీ పొత్తు కలిపేది అదే. దాన్ని చట్రానికి పట్టి ఉంచేవి బుష్‌లు, గుప్పిట్లో ఇమిడే రెండు ముక్కలు. మొగుడూ పెళ్ళాల మధ్యకు వచ్చింది ఆ రెండు ముక్కలే.

చాన్నాళ్ళ కిందట రబ్బరు బుష్‌లు అరిగితే, కొత్తవి తెచ్చి తనే వేసుకున్నాడు. మర్నాటి నుంచే కింద టకటకమని చప్పుడు. రబ్బరు దండగని తీర్మానించేసి, పందేల వాళ్ళు వాడే గట్టి రకం కిట్టు, కారు పేరు చెప్పి తెప్పించాడు. చప్పుడు పోయింది. మలుపుల్లో బండి రోడ్డుకు అతుక్కుని తిరుగుతుంటే ఆయనకు ఒళ్ళు తెలియలేదు. కానీ ఒక చక్రం గుంతలో పడిందంటే ఆ దెబ్బ తిన్నగా సీట్లోకి వచ్చేది. ఆవిడకు అసలే నడుం నొప్పి. ప్రతి గతుకూ వెన్నులోకి వస్తోందండీ అని ఆవిడ అంటే, మలుపు చూడు మలుపు అంటూ ఈయన ఇంకోటి తిప్పేవాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. కొన్నాళ్ళు చెప్పి చూసింది. తర్వాత చెప్పడం మానేసింది, ఆ తర్వాత ఎక్కడమే మానేసింది. ఆదివారం చెల్లెలింటికి వెళ్ళాలన్నా బస్సే. బస్సులోనైతే కబుర్లు చెప్పుకోవచ్చంది. ఈ మహానుభావుడు నిజమే కాబోలు అనుకున్నాడు.

ఈమధ్య ఆ గట్టి బుష్‌లూ పగిలాయి. మెకానిక్కు చేత రాడ్డు విప్పించి, దాన్నీ, అప్పట్లో చప్పుడు చేసిందని తీసి దాచిన పాత రబ్బరు జతనూ పట్టుకుని విడిభాగాల షాపుకు వెళ్ళాడు. ఈసారి ఆయనకు మలుపుల మీద మోజు లేదు. పక్క సీట్లో ఇన్నేళ్ళుగా బట్టల మూటలే కూర్చుంటున్నాయి. ఆవిడ బస్సెక్కేది కబుర్ల కోసం కాదని ఇన్నాళ్ళకు తట్టింది. ఆవిడ మళ్ళీ ఎక్కాలి, అంతే.

షాపాయన రెండు రకాలూ బల్ల మీద పెట్టాడు. గట్టివి పదునుగా తిరుగుతాయి, గ్రీజు చాలకపోతే కీచుమంటాయి. రబ్బరువి మెత్తగా పోతాయి, తొందరగా అరుగుతాయి అన్నాడు. రబ్బరుతో చప్పుడొస్తుందని మాస్టరు గొణిగాడు. షాపాయనకు నమ్మకం కుదరలేదు. పాత రబ్బరు ముక్కను తీసి రాడ్డుకు తొడిగాడు. బక్క చేతికి పెద్ద గాజులా అది అటూ ఇటూ ఆడింది.

"ఇది మీ రాడ్డుది కాదు మాస్టర్. ఒక సైజు పెద్దది. ఎవరు కొలిచారు?"

ఎవరో ఎందుకు కొలుస్తారు. మెడలో టేపు ఉండగా ఆయన ఇంకొకరిని కొలవనిస్తాడా. అప్పట్లో మనిషి నడుముకు వేసినట్టే రాడ్డు చుట్టూ టేపు వేశాడు, వేసి, చేతి అలవాటు కొద్దీ కాస్త లూజు వదిలాడు. చొక్కాలో మనిషి ఊపిరి పీల్చాలి. ఇనుముకు ఊపిరెందుకు? షాపాయన కడుపుబ్బ నవ్వాడు. మాస్టరూ నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. రబ్బరు చెడ్డది కాదు, ఏనాడూ కాదు. తన కొలతే చెడ్డది. ఆవిడ తిన్న దెబ్బలన్నీ దాని మూలానే. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, సరైన సైజు రబ్బరువి తీసుకుని బయటపడ్డాడు.

అవి వేయించాక, ఆదివారం ఆవిడ సంచీ సర్దుకుంటుంటే ఎదురుగా నిలబడి జరిగింది దాచకుండా చెప్పాడు. సిగ్గుతో తల దించుకునే చెప్పాడు. ఆవిడ వింది.

"రాడ్డుకి లూజు వదిలారా" అని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వి, పదండి అని వచ్చి కారెక్కింది.

బండి నీళ్ళ మీద పడవలా పోతోంది. మార్కెట్టు వీధి గతుకులు దాటినా సీట్లోకి ఏమీ రాలేదు. నొప్పిగా ఉందా అని అడిగితే లేదండీ, మెత్తగా పోతోందంది. ఆయన ప్రాణం లేచొచ్చింది. వంతెన దిగాక పక్కకు చూశాడు.

ఆవిడ ఒక చేత్తో తలుపు పిడిని, ఇంకో చేత్తో సీటు అంచును పట్టుకుని ఉంది. వేళ్ళ కణుపులు తెల్లబడ్డాయి. ముందు గుంత కనిపించగానే పళ్ళు బిగబట్టి, ఒళ్ళంతా కర్ర చేసుకుంది. గుంత వచ్చింది, పోయింది, ఏమీ కాలేదు. ఆవిడ చేతులు మాత్రం వదల్లేదు. ఆయన వేగం తగ్గించాడు. ఇంకా తగ్గించాడు. సైకిలు మీద పోయేవాడు వింతగా చూసి దాటిపోయాడు.

"వదిలెయ్, ఇంకేం కాదు" అన్నాడు.

"తెలుసండీ. వదులుదామనే చూస్తున్నా. చేతులే రావట్లేదు."

కోపంతో అని ఉంటే కాళ్ళావేళ్ళా పడేవాడు. ఆ గొంతులో కోపం లేదు, ఆయన్ని నొప్పించకూడదన్న జాగ్రత్త ఉంది. అదే ఆయన్ని కోసేసింది. కాసేపటికి ఆవిడ బస్టాపు దగ్గర ఆపమంది. ఇలా బిగబట్టి కూర్చుంటే మళ్ళీ నడుం పట్టేస్తుందని, ఏమీ అనుకోవద్దని చెప్పి దిగింది.

బస్సు వచ్చింది. ఆవిడకు కిటికీ పక్కన చోటు దొరికింది. బస్సు కదలగానే గుంతలో పడి, ఊడిపోతుందేమో అన్నట్టు కుదుపుతో లేచింది. ఆవిడ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, పక్కనున్న ఎవరితోనో ఏదో చెబుతూనే ఉంది. ఆ గుంత ఆవిడకు తెలియనే లేదు.

ఆయన మళ్ళీ బండి స్టార్టు చేశాడు. ఆ బస్సు వెనకాలే, అది ఆగినచోటల్లా ఆగుతూ, మరదలి ఇంటిదాకా పోనిచ్చాడు.