చప్పుడు చెయ్యని పిల్ల

“మా కోడలు వంటింట్లో ఉందో లేదో లేచి వెళ్ళి చూసుకోవాల్సిందే వదినా, చెవికి మాత్రం తెలీదు. అంత నెమ్మది,” అని మా అత్తయ్య ఫోన్లో ఎవరితోనో చెప్తోంది. నేనప్పుడు తోమిన గిన్నెలు సర్దుతున్నాను. పళ్ళేనికీ పళ్ళేనికీ మధ్య ఒక పాతగుడ్డ ముక్క వేస్తాను. గిన్నెలో గిన్నె పెట్టేటప్పుడు కింద అరచెయ్యి ఆన్చి, దింపి, ఆ తర్వాతే చెయ్యి లాగుతాను. ఆ గుడ్డముక్కల్ని వారానికోసారి ఉతికి ఆరేస్తాను కూడా. పెళ్ళైన కొత్తలో అత్తయ్య అది చూసి, స్టీలు సామాను గీతలు పడకుండా ఎంత జాగ్రత్తో అని మురిసిపోయింది. నేను అవునని తలూపాను. గీతల సంగతి నాకు అప్పటిదాకా తట్టనే లేదు.

ఆరేళ్ళుగా ఈ ఇంట్లో నాకు దక్కిన మెప్పంతా ఇలాంటిదే. నన్ను రెండోసారి పిలవక్కర్లేదట. నిజమే. ఎవరైనా పిలిస్తే ముందు నా గుండె లేస్తుంది, దాని వెనకాల కాళ్ళు లేస్తాయి. ఎదురు చెప్పనట. ఎదుటి మొహంలో ఒక్క కనుబొమ పైకి లేచినా నా నాలుక అంగిలికి అతుక్కుపోతుంది, ఇంక ఎదురు చెప్పేదెక్కడ? అందరూ తిన్నాకే తింటానట. నలుగురితో కూర్చుంటే నాకు ముద్ద దిగదు, అందుకని పొయ్యి పక్కన నిలబడి నాలుగు నిమిషాల్లో మింగేస్తాను. “గుర్రంలా నిలబడి తింటావేంటే” అని మా ఆయన నవ్వుతాడు. ఆ నవ్వులో చెడ్డతనం లేదు. ఆయన పనిచేసేది ప్రింటింగ్ ప్రెస్సులో. ఇంటికొచ్చి కాళ్ళు చాపుకుని టీ అడుగుతాడు, తాగిన గ్లాసు అక్కడే వదిలేస్తాడు. ఆ గ్లాసు తనంతట తనే వంటింట్లోకి నడిచిపోతుందని ఇప్పటికీ నమ్ముతున్నట్టున్నాడు. అంతే తప్ప ఏనాడూ చెయ్యెత్తలేదు. కొట్టని మొగుడు దొరికాక ఇంకేం కావాలే నీకు అని మా అమ్మ అంటుంది. నేనేమీ అడగలేదు.

అడగనిదంతా ఒంట్లోంచి బయటపడటం మొదలుపెట్టింది. ముందు కడుపులో మంట. తర్వాత దవడ నొప్పి, పొద్దున లేచేసరికి పళ్ళన్నీ ఎవరో రాత్రంతా బిగించి పట్టుకున్నట్టుండేది. తర్వాత గుండెదడ. బయట ఏ తలుపో గాలికి కొట్టుకుంటే చాలు, చెమటలు పట్టి గోడకి ఆనుకునేదాన్ని. పరీక్షలు చేయించారు. “అన్నీ నార్మలే అంటున్నారు కదా, ఇంకేంటి నీ బాధ?” అన్నాడు మా ఆయన, రిపోర్టులన్నీ కవర్లో పెడుతూ. రిపోర్టులు బాగుండటం కూడా నా తప్పే అయినట్టు తలదించుకున్నాను.

నేను బట్టలు కుట్టే కంపెనీలో పనిచేస్తాను. కుట్టడం రాదు, కుట్టిన చొక్కాలకి వేలాడే దారాలు కత్తిరించి మడతపెట్టడం నా పని. రెండొందల మిషన్లు ఒక్కసారిగా మోగుతుంటే పక్కమనిషి మాట కూడా వినబడదు. కొత్తగా చేరినవాళ్ళు తలనొప్పి అంటారు. నాకు మాత్రం రోజు మొత్తం మీద కాస్త ఊపిరి ఆడేది అక్కడే. అంత మోతలో ఏ చప్పుడూ నాదని ఎవరూ అనలేరు. భోజనాల వేళ మిషన్లు ఆగినా నా అడుగు వినబడదని తోటివాళ్ళు ఏడిపిస్తారు. “నువ్వు దొంగవైతే పోలీసోళ్ళ పని అయిపోయినట్టేనే” అంటారు.

మూడు నెలల కిందట సూపర్‌వైజరు వెనకనుంచి వచ్చి, నా బల్ల మీద అరచేత్తో ఫట్‌మని కొట్టాడు. “ఏమ్మా, నిద్రపోతున్నావా?” నేను నిద్రపోవడం లేదు. కానీ చెయ్యి ఎగిరిపడింది, కత్తెర దిగి చొక్కా చెయ్యి తెగింది. “ఒళ్ళు దగ్గర పెట్టుకుని పనిచెయ్యి,” అని ఆ చొక్కాని అందరికీ కనబడేలా గోడ మేకుకి తగిలించాడు. సాయంత్రం దాకా అది అక్కడే వేలాడింది. దాన్ని చూస్తూ చూస్తూ కళ్ళు తిరిగి పడిపోయాను.

అప్పుడు అత్తయ్య నన్ను మా పేట ఆసుపత్రికి తీసుకెళ్ళింది. అక్కడి డాక్టరమ్మ రక్తపోటు చూసింది, పట్టీ విప్పి మళ్ళీ కట్టి ఇంకోసారి చూసింది. “ఇరవయ్యారేళ్ళకి ఇంత ఉండటమేంటమ్మా?” అంది. మందులు రాసింది. రాస్తూ రాస్తూ కలం ఆపి, మామూలుగా అడిగినట్టు, “చిన్నప్పుడు మీ ఇంట్లో ఎలా ఉండేది?” అంది.

అంత చిన్న ప్రశ్న నన్నెవరూ అడగలేదు అంతవరకూ. నేను నోరు తెరిచేలోపే అత్తయ్య అందుకుంది. “వాళ్ళ ఇంటికేం డాక్టరమ్మా, బంగారంలాంటి మనుషులు. మా వియ్యంకుడు పోయి రెండేళ్ళైంది గానీ, ఉన్నన్నాళ్ళూ ఎంత క్రమశిక్షణో! పిల్లని చూస్తే తెలియట్లా?” డాక్టరమ్మ నా వైపే చూస్తోంది. “బాగానే ఉండేదండీ,” అన్నాను.

మా నాన్నకి రాత్రి డ్యూటీ. తెల్లారి ఏడింటికి వచ్చి పడుకుని సాయంత్రం నాలుగింటికి లేచేవాడు. మాకున్నవి రెండు గదులు. పగలంతా ఆ రెండు గదుల్లో మేము నీడల్లా బతికాం. ఏ చప్పుడైనా, కుర్చీ జరిగినా, దగ్గు వచ్చినా, ముందు మంచం కిర్రుమనేది. ఆ తర్వాత బెల్టు తగిలించిన కొయ్య కదిలేది. గిన్నెల మధ్య గుడ్డలు వెయ్యడం మా అమ్మ నేర్పింది. “ష్, నాన్న పడుకున్నాడు” అన్నది నాకు తెలిసిన మొదటి మాట అయ్యుంటుంది. నా తొమ్మిదో ఏట ఒక మధ్యాహ్నం నా చేతిలోంచి పాలగిన్నె మూత జారింది. అది నేలమీద పడి, గుండ్రంగా తిరిగి తిరిగి, ఎంతకీ ఆగలేదు. నేను దాని మీద పడుకుని ఆపాను కూడా. నాన్న బయటకొచ్చాడు. అమ్మ, “నేనే పడేశాను” అని ముందుకెళ్ళింది. అప్పటినుంచి అమ్మకి కుడిచెవి వినబడదు. నాతో ఫోన్లో మాట్లాడేటప్పుడు ఇప్పటికీ ఎడమచెవికే పెట్టుకుంటుంది. ఆ మూత ఎవరు పడేశారన్న సంగతి మేమిద్దరం మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు.

తర్వాత తమ్ముడు పుట్టాడు. పసివాడికి నాన్న పడుకున్నాడని ఎలా తెలుస్తుంది? అందుకని ఆరో తరగతిలో నన్ను బడి మాన్పించారు. నా పని ఒక్కటే, వాణ్ణి ఏడవకుండా చూడటం. ఎత్తుకుని తిప్పేదాన్ని, చక్కెర నాకించేదాన్ని, ఏదీ పనిచెయ్యకపోతే అరచెయ్యి వాడి నోటిమీద పెట్టేదాన్ని, ఊపిరాడేంత ఖాళీ వదిలి. ఎంత ఖాళీ వదలాలో నాకు కొలత తెలుసు.

ఇదంతా వదిలేసి వచ్చాననుకున్నాను. కూతురు పుట్టింది. కిచకిచలాడుతూనే ఉండేదని మా ఆయన దానికి పిచ్చుక అని ముద్దుపేరు పెట్టాడు. ఒకరోజు, దానికి పది నెలలుంటాయేమో, పట్టపగలు గుక్కపెట్టి ఏడుస్తోంది. ఇంట్లో పడుకున్నవాళ్ళెవరూ లేరు. అయినా నా చెయ్యి తనంతట తనే లేచి దాని నోటిమీదకి పోయింది. “ష్, నాన్న పడుకున్నాడు” అన్నాను. అన్నాక వెనక్కి తిరిగి చూశాను, ఆ మాట మా అమ్మ అన్నదేమో అని. అదొక్కసారి కాదు. చాలాసార్లు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. రెండేళ్ళు వచ్చేసరికి పిచ్చుక కిచకిచలు ఆగిపోయాయి. “చూశావా, ఎంత బుద్ధిమంతురాలో” అంది అత్తయ్య. నేను కూడా నిజంగానే సంతోషించాను. బుద్ధిగా ఉన్న పిల్లని ఎవరు కొడతారులే అనుకున్నాను. ఈ ఇంట్లో దాన్ని కొట్టేవాళ్ళే లేరన్న సంగతి నా తలకెక్కినా ఒంటికెక్కలేదు.

మొన్న మంగళవారం నేను కంపెనీ నుంచి వస్తూ పిచ్చుకని తీసుకురావడానికి దాని బడికి వెళ్ళాను. దానికి నాలుగున్నరేళ్ళు. ఎడమచేతిని కుడిచేత్తో పట్టుకుని, గౌను మెడని నోట్లో కుక్కుకుని బెంచీ చివర కూర్చుని ఉంది. టీచరమ్మ, “పొద్దున జారుడుబల్ల మీంచి పడిందండీ, లేచి దులుపుకుంది, దెబ్బేం తగల్లేదులే అనుకున్నాం,” అంది. చెయ్యి పట్టుకోబోతే పిల్ల ఒళ్ళంతా బిగుసుకుంది. మణికట్టు పైన నల్లగా వాచి ఉంది. గౌను మెడ కొరికి కొరికి చిరుగు పట్టింది.

ఫోన్ చేస్తే మా ఆయన పని మధ్యలో వచ్చాడు, అత్తయ్యా వచ్చింది. అదే ఆసుపత్రి, అదే డాక్టరమ్మ. ఎక్స్‌రే ఫిల్ముని వెలుతురుకి పట్టి చూసి, “ఎముక విరిగింది. ఎప్పుడు పడింది?” అంది.

“పదకొండింటికట,” అన్నాను.

“ఇప్పుడు ఐదు దాటింది. ఈ చేత్తో ఆరు గంటలు ఏడవకుండా కూర్చుందా?”

“మా మనవరాలికి ఓర్పెక్కువ డాక్టరమ్మా,” అంది అత్తయ్య. ఆమె గొంతులో గర్వముంది, నేను విన్నాను. “అన్నీ తల్లి పోలికలే.”

పిచ్చుక నా చెవి దగ్గరకి నోరు తెచ్చి, బహుమతి కోసం చెప్పినట్టు గుసగుసగా అంది. “అమ్మా, నేను చప్పుడు చెయ్యలేదు.”

డాక్టరమ్మ వింది. ఎక్స్‌రే పక్కన పెట్టి మా ముగ్గుర్నీ చూసింది. “పాపని ఇంట్లో ఎవరైనా కొడతారా? భయపెడతారా?”

“ఏం మాటలండీ అవి!” మా ఆయన మొహం ఎర్రబడింది. “దాని మీద ఈగ వాలనివ్వను నేను.”

“మా ఇంట్లో గట్టిగా మాట్లాడటమే ఉండదమ్మా,” అంది అత్తయ్య. “కావాలంటే ఇరుగుపొరుగుని అడగండి.”

వాళ్ళిద్దరూ నిజమే చెప్తున్నారు. ఆ గదిలో అబద్ధం ఆడింది నేనొక్కదాన్నే, అదీ మూడు నెలల కింద. ఇప్పుడు నేను నోరు మూసుకుంటే ఈ డాక్టరమ్మ మందులు రాసి పంపేస్తుంది, పిల్ల చెయ్యి అతుక్కుంటుంది, ఇంకో ఇరవై ఏళ్ళకి ఇదీ నాలాగే ఒక డాక్టరు బల్ల ముందు కూర్చుంటుంది. బాగానే ఉండేదండీ అంటుంది. నా గుండె ఎంత గట్టిగా కొట్టుకుంటోందంటే ఆ చప్పుడు అందరికీ వినబడుతోందేమోనని భయమేసింది.

“నేనే నేర్పానండీ,” అన్నాను.

రెండు గదుల సంగతి, మూత సంగతి, అమ్మ చెవి, తమ్ముడి నోరు, పది నెలల పిచ్చుక నోరు, అన్నీ చెప్పాను. వరుసలో చెప్పలేదు, ముందుది వెనక వచ్చింది. మధ్యలో అత్తయ్య, “ఇప్పుడవన్నీ ఎందుకమ్మాయ్, పోయినవాళ్ళ గురించి, నలుగురిలో…” అనబోయింది. డాక్టరమ్మ చెయ్యి అడ్డంపెట్టింది.

“ఇన్నేళ్ళలో నాకొక్క ముక్క చెప్పలేదేంటే?” అన్నాడు మా ఆయన. కోపంగా కాదు, దిక్కుతోచనివాడిలా.

“చెప్తే చప్పుడవుతుందని,” అన్నాను.

డాక్టరమ్మ పాఠాలేమీ చెప్పలేదు. “చిన్నప్పటి భయం వయసుతోపాటు పోదమ్మా. ఒంట్లోనే ఎక్కడో ఒకచోట కాపురం పెడుతుంది. నీకు కడుపులో, రక్తపోటులో కూర్చుంది. నీ సంగతి తర్వాత మాట్లాడదాం,” అంది. “ముందు పాప. కట్టు వేసేటప్పుడు చెయ్యి కాస్త కదపాలి. నొప్పి తగ్గే మందిస్తాను, అయినా కొంచెం నొప్పెడుతుంది. అది ఏడవాలి. ఏడవొచ్చని దానికి చెప్పేది నువ్వే.”

కట్టు కట్టే ఆయన వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. పిచ్చుక గౌను మెడ వెతుక్కుంది. నేను దాని నోట్లోంచి ఆ గుడ్డ తీసేశాను. “ఏడువు తల్లీ. నొప్పెడితే గట్టిగా ఏడువు.”

అది నన్ను నమ్మలేదు. పక్కనే నిలబడ్డ వాళ్ళ నాన్నని కళ్ళెత్తి చూసి, నన్ను అడిగింది. “నాన్న పడుకోలేదా?”

మా ఆయన మోకాళ్ళ మీద కూర్చుని దాని కాళ్ళు రెండూ పట్టుకున్నాడు. “లేదురా పిచ్చుకా, నేను మేలుకునే ఉన్నాను. చూడు. ఏడువ్, ఎంత కావాలంటే అంత ఏడువ్.” ఏడుస్తున్నది ఆయనే.

చెయ్యి కదిలింది. ముందు గాలి మాత్రమే వచ్చింది పిల్ల నోట్లోంచి. ఆ తర్వాత, ఎక్కడో అడుగునుంచి, ఏడుపు. నా కూతురి గొంతు అంత పెద్దదని నాకు తెలీదు. గదంతా నిండిపోయింది. అత్తయ్య అలవాటుగా “ష్, ష్” అంటూ చెయ్యి చాపింది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. “ఏడవనివ్వండి అత్తయ్యా.” ఆమెని ఆపడం ఆరేళ్ళలో అదే మొదటిసారి. ఆమె చెయ్యి లాక్కోలేదు.

నా వీపంతా చెమట. ఇప్పుడేదో అవుతుంది అని ఒళ్ళు ఎదురుచూస్తూనే ఉంది. ఒక నర్సు తలుపు తోసి తొంగిచూసి, చిన్నపిల్ల ఏడుస్తోందని గ్రహించి, మళ్ళీ తలుపు వేసుకుని తన పని మీద వెళ్ళిపోయింది. అంతే. ఒక పిల్ల ఏడిస్తే ఈ లోకంలో అయ్యేది అంతే.

కట్టు వేయించుకుని బయటికొచ్చాం. వసారాలో అత్తయ్య పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. అది ఇంకా వెక్కుతోంది, ఆమె ఆపమనడం లేదు. నా మొహం చూడకుండా, “ఇన్నాళ్ళూ నేను ఊరంతా చెప్పుకుని మురిసింది…” అని, మిగతాది మింగేసింది. ఓదార్చడం కూడా నా పనే అనుకోవడం ఆ ఒక్కరోజుకి మానేశాను.

నేరుగా చీటీలు రాసే కిటికీ దగ్గరకి వెళ్ళాను. మా ఆయన వెనకాలే వచ్చాడు. “పాప చీటీ నా జేబులోనే ఉందిగా?”

“ఇది నాకు,” అన్నాను. “రేపు డ్యూటీకి వెళ్ళను. డాక్టరమ్మ దగ్గరకి ఒక్కదాన్నే వస్తాను. పిల్లని మీరు చూసుకోండి.”

ఆయన తలూపాడు. కిటికీ లోపల కళ్ళజోడాయన నా పేరు రాసుకున్నాడు, వయసు రాసుకున్నాడు. తల ఎత్తకుండానే, “ఏం బాధ? ఎన్నాళ్ళ నుంచి?” అన్నాడు.

“చిన్నప్పటి నుంచండీ,” అన్నాను. ఆయనకి వినబడలేదేమో, ఏంటన్నట్టు చూశాడు. వసారాలో అందరికీ వినబడేలా మళ్ళీ చెప్పాను. “చిన్నప్పటి నుంచి. అలాగే రాయండి.”