షబ్నమ్ తీయనన్న రిలే

సిరోంచలో ఒక చిత్రమైన న్యాయం ఉంది. అబ్దుల్ ఖాదర్ దుకాణంలో కొత్త రాగి తీగ చుట్టి వైండింగు చేసిన మోటరు నాలుగేళ్లు తిరిగితే అది ఖాదర్ భాయ్ చుట్టింది. నాలుగు రోజుల్లో కాలిపోతే మాత్రం ఆయన కూతురు షబ్నమ్ చుట్టింది. నిజానికి తండ్రికి చూపు మందగించి రెండేళ్లయింది. అప్పటినుంచీ ప్రతి తీగా ఆమె చేతి మీదుగానే పోతోంది. ఆ సంగతి ఎవరికీ పట్టదు.

ఇప్పుడు అంకిస ఊరి జోగయ్య మోటరు నెల తిరక్కముందే రెండుసార్లు కాలింది. యాసంగి వరి పొట్ట మీదుంది. ఇంకోసారి కాలితే చేను ఎండుతుంది, షబ్నమ్ పేరు గోదాట్లో కలుస్తుంది. ఆడపిల్లకు ఈ పనెందుకని అనడానికి నోళ్లు సిద్ధంగానే ఉన్నాయి. ఆమెకు ఒళ్లు మండిపోయింది. తన వైండింగులో తప్పు లేదని ఆమెకు తెలుసు.

తప్పెక్కడుందో వెతకాలంటే చేనికి పోవాలి. ఇక్కడ ఆ పని ఎవరూ చేయరు. కాలిన మోటరును ఆటోలో వేసుకొని దుకాణానికి తెస్తారు. దాన్ని కాల్చిన స్టార్టరు పెట్టె మాత్రం గట్టు మీద దర్జాగా కూర్చుంటుంది. ఈసారి కొత్తగా చుట్టిన మోటరుతో పాటు షబ్నమ్ కూడా ఆటో ఎక్కింది.

మెయిన్ ఆపి పెట్టె మూత తీసేసరికి నవ్వాలో ఏడవాలో ఆమెకు తోచలేదు. మోటరుకు కరెంటు కలిపే కాంటాక్టరు మళ్లీ విడిపోకుండా, దాని నోట్లో టేకు చెక్క ముక్క బిగించి ఉంది.

"ఎవరు పెట్టిన్రు కాకా ఇది?" అని జోగయ్యను అడిగింది.

"నేనే," అన్నాడు పక్క చేను మంగయ్య, మీసం దువ్వుకుంటూ. "స్టార్టర్ ఊకె పడిపోతుండె. చెక్క గొట్టిన, ఇగ పడలే. అంకిసల సగం మందికి నేనే గొట్టిచ్చిన."

"పడలే మంగన్నా, కాలింది. కిందున్న గీ డబ్బ జూడు, ఓవర్‌లోడ్ రిలే. మూడు ఫేజులల్ల ఒకటి పోతే, మిగిలిన రెండిట్ల నుంచి మోటర్ ఎక్కువ కరెంట్ గుంజుతది. అప్పుడు గిది కాంటాక్టర్‌ను ఇడువుమంటది. నువ్వేమో నోట్లె చెక్క గొడితివి. ఎట్ల ఇడుస్తది?"

మంగయ్య మూతి ముడిచాడు. షబ్నమ్ చెక్క పీకింది, కాంటాక్టులు తుడిచింది, మోటరు మీద రాసి ఉన్న ఆంపియర్లకు రిలే ముల్లు తిప్పింది. తెచ్చిన మోటరు బిగించి పచ్చ బటన్ నొక్కగానే నీళ్లు దూకాయి. జోగయ్య భార్య లింగక్క చప్పట్లు కొట్టింది.

పది నిమిషాలు గడిచాయి. మోటరు ఉన్నట్టుండి మూలిగింది. టక్‌మని కాంటాక్టరు విడిపోయింది, నీళ్లు ఆగిపోయాయి.

"చూసినవా? ఆ డబ్బ పీకి డైరెక్ట్ చెయ్యి," అన్నాడు మంగయ్య.

జోగయ్య పరేషాన్ అయ్యాడు. "జర తీసెయ్ బిడ్డా. లేకుంటే మీ నాయనకు ఫోన్ చెయ్యనా?"

ఆ మాట షబ్నమ్ గుండెలో కలుక్కుమంది. కళ్లు చెమర్చాయి కానీ గొంతు తగ్గలేదు.

"తియ్య. ముందు మోటర్ మీద చెయ్యి పెట్టు కాకా."

జోగయ్య భయం భయంగా పెట్టాడు. "గోరెచ్చగున్నది."

"మొన్న ఎట్లుండె?"

"ముట్టనిచ్చిందా? పొగలు లేసినయ్."

"మరి? ఇయ్యాల గీ రిలే పడవట్టే నీ మోటర్ బతికింది. ఇగ ఏ ఫేజు పోతున్నదో పట్టుకుంటే అయిపాయె."

మెయిన్ మళ్లీ ఆపి, ఫ్యూజులు ఒక్కొక్కటే లాగింది. రెండు చల్లగా ఉన్నాయి. మూడోది వేళ్లను చురుక్కుమనిపించింది. దాని మరను ఎవరూ ఏనాడూ బిగించినట్టు లేదు, తీగ కొస బొగ్గయిపోయింది. కాసేపు నడిచి వేడెక్కితే చాలు, ఆ ఫేజు తెగిపోతోంది. వచ్చీరాగానే తను ఫ్యూజు తీగ ఉందని చూసి వదిలేసింది గానీ మర కదిపి చూడలేదు. ఆ తొందరపాటు తనదే, ఇంకొకరి మీదికి నెట్టేది కాదు.

నల్లబడ్డ కొస కత్తిరించి, తీగ గీకి, అరచెయ్యి నొప్పెట్టేదాకా మర బిగించింది. మళ్లీ పచ్చ బటన్ నొక్కింది.

పది నిమిషాలయ్యాయి. ఇరవై. గంట దాటింది. మీటరు పెట్టి చూస్తే మూడు తీగల్లోనూ కరెంటు సమానంగా ఉంది. నీళ్లు మడి మీద మడి దాటుకుంటూ చివరి మడిలో దిగాయి. షబ్నమ్ గట్టు మీద కూలబడి పకపకా నవ్వింది. అంత సంతోషం ఆమెకు ఈ మధ్య ఎన్నడూ కలగలేదు.

మంగయ్య తన చేను వైపు నడక అందుకున్నాడు. చెక్క పీకడానికేనని అందరికీ తెలిసినా ఎవరూ అడగలేదు.

బాట మీద సైకిలు ఆపి అదే ఊరి కిష్టన్న కేకేశాడు: "జోగన్నా, నీళ్లు మంచిగ దుంకుతున్నయ్! ఖాదర్ భాయ్ చుట్టిండా మోటర్?"

జోగయ్య మడిలోంచి తలెత్తాడు. ఒక్క క్షణం షబ్నమ్ వైపు చూసి, చుట్టుపక్కల చేలన్నిటికీ వినబడేలా గొంతెత్తాడు.

"ఖాదర్ భాయ్ కాదు! షబ్నమ్ చుట్టింది!"