నాలుగో జ్వరం లేచిన వారం

అక్కయమ్మ రాగులు విసురుతూ మొగుణ్ణి ఒక మాట అడిగింది. ఆ మాట నోట్లోంచి బయటపడటానికి మూడు రోజులు పట్టింది.

"ఏమయ్యా, చౌడమ్మ పురుగులకు సున్నకట్టు తగిలుండాదంట. రెండు తట్టల్లో అప్పుడే తెల్లంగా సుద్దముక్కల్లాగా బిగుసుకుపోయినాయంట. నేను పోయి చూసి, మిగతా తట్టల్లో సున్నం చల్లొస్తా."

పిళ్ళప్ప అద్దంలో మీసం కత్తిరించుకుంటున్నాడు. బాప్తిస్మంలో పాదిరి అయ్యగారు యోహాను అని పేరుపెట్టి పన్నెండేళ్ళయినా ఊరికి ఆయన పిళ్ళప్పే. పాత పేరు నీళ్ళలో మునగనంటే మునగనని తేలి, ఆయనకంటే ముందే గట్టెక్కిందని జనం చెప్పుకుంటారు. పేరు సంగతెట్లున్నా, పేరేసంద్ర దాపున ఉన్న ఆ ఊరి చిన్న ప్రార్థన గుడికి ఆయనే సంఘపెద్ద.

"పొయ్యేది సరే. వచ్చేది యాడికి?" అన్నాడు.

ఆ మాటలో న్యాయం లేకపోలేదు. ఇంకా మైసూరు రాష్ట్రమని పిలిచే ఆ రోజుల్లో, ఆ చుట్టుపక్కల పట్టుపురుగులు పెంచే ఇళ్ళలో ఒక కట్టు ఉండేది. రోగం తగిలిన పురుగింట్లో కాలు పెట్టిన మనిషి, ఆ పంట గూళ్ళు కట్టేదాకా తన ఇంటి పురుగుల గది గడప తొక్కకూడదు. తలంటుకున్నా, చీర మార్చుకున్నా ఒప్పుకోరు. అక్కయమ్మ పురుగులేమో నాలుగో జ్వరం లేచి ఒక రోజే అయింది. పురుగు పొర విడిచేముందు పడుకునే నిద్రను అక్కడ జ్వరమంటారు. నాలుగోది లేచిందంటే ఇంక వారం పాటు ఆకలే ఆకలి. మల్బరీ ఆకు కోసేది, మోసేది, వేసేది, కింద పెంట ఎత్తేది, అన్నీ ఆమే. గూళ్ళను బండికెత్తి శిడ్లఘట్ట సంతలో "మా గూళ్ళు" అని చెప్పేది మాత్రం పిళ్ళప్ప.

"నువ్వు ఒక్క వారం ఆకేస్తే చాలు."

"నేనా? సంఘపెద్ద పురుగుల పెంట ఎత్తుతాండాడని నవ్వల్లనా జనం? అయినా చౌడమ్మ మన సంఘం మనిషా?"

అక్కయమ్మ విసుర్రాయి ఆపలేదు. "పురుగు బాధ చెవికి తెలిసేది దేవుడు నాకిచ్చినాడు. పక్కింట్లో పొయ్యి ఆరిపోతాంటే, నా చేతిలో నిప్పును చెంగు కింద దాపెట్టుకుంటే కాలేది నా చెంగే గదా."

"బాగా మాట్లాడతావు. విసురు, విసురు. ఆదివారం అయ్యగారొస్తాడు, కోడి కొయ్యల్ల."

ఆమె చెవి మాట నిజమే. సాదలిలో పురుగు తుమ్మితే అక్కయమ్మకు ఇక్కడ వినబడుతుందని ఊళ్ళో అంటారు. అది కొంచెం ఎక్కువ. ఆ ఊరి పొలిమేర దాకా అయితే ఖాయం. తట్ట మీద చెవి పెట్టి, ఆకు తినే చప్పుడు వింటూ, ఏ మూల పురుగు మేత తగ్గించిందో చెప్పేస్తుంది. ఆ చెవికి అంత పదును ఎట్లా వచ్చిందని మాత్రం ఎవరూ అడగలేదు. ఆ ఇంట్లో ఆమె వినడానికి వేరే ఏముంది కనుక? పిల్లలు లేరు. "కడుపు పండని దానికి పురుగులన్నా దక్కినాయిలే," అని అత్త పోయేముందు అన్న మాటొకటి మిగిలింది. మొగుడు పగలు సంఘం పని మీద తిరుగుతాడు, తినేటప్పుడు ఉప్పు గురించి మాట్లాడతాడు. ఆయన ఆమె కూర్చున్న వైపు తిరిగి గంటసేపు మాట్లాడేది ఆదివారమొక్కటే, అదీ ఇంకో నలభై మందితో కలిపి. అందుకే ఆమె పురుగుల గదిలో కూర్చునేది. వేల నోళ్ళు ఒక్కసారిగా ఆకు నమిలితే ఎండుటాకుల మీద వాన పడినట్టుంటుంది. ఆ వానలో ఆమె ఏమేమి చెప్పుకుందో పురుగులకే తెలుసు. అవి గూళ్ళు కట్టుకుని, ఆ మాటలతో సహా వెళ్ళిపోయేవి.

ఆదివారం చిక్కబళ్ళాపురం నుంచి అయ్యగారు వచ్చాడు. అక్కయమ్మ ఆకు వేసి, కోడి కోసి పసుపు పట్టించి, గుడికి చేరేసరికి ప్రసంగం మొదలైంది. వెనక చాప మీద కూర్చుంది. అరచేతులు ఇంకా ఆకు పసరు వాసన కొడుతున్నాయి.

"దేవుడు ఒక్కొక్కరికి ఒక్కొక్కటి ఇచ్చినాడు," అంటున్నాడు పిళ్ళప్ప. "దాంతో నలుగురికి సాయపడేవాడే పెద్ద. పక్కింట్లో పొయ్యి ఆరిపోతాంటే, నీ చేతిలో నిప్పును పంచె కింద దాపెట్టుకుంటే కాలేది నీ పంచే గదా."

అయ్యగారు తల ఊపాడు. ఆడవాళ్ళలో ఒకామె కొంగుతో కళ్ళొత్తుకుంది. అక్కయమ్మ ముందు మోసపోయినట్టు కూడా అనుకోలేదు. మాట ఎక్కడో విన్నట్టుందే అనుకుంది. చెంగు పంచె అయింది, అంతే తేడా. విసుర్రాయి దగ్గర అడిగినప్పుడు కాదన్న మాటే, మీసం కత్తిరించుకున్న నోట్లోంచి వస్తే వాక్యమైంది. తన బిడ్డ ఎవరి చంకనో ఎక్కి, తనను గుర్తుపట్టకుండా పోతున్నట్టు అనిపించింది. కళ్ళనీళ్ళు వస్తాయేమోనని చూసింది. రాలేదు.

ప్రసంగం చివర పిళ్ళప్పకొక అలవాటుంది. "మీలో ఎవురు పోతారు? లేయండి, చూస్తా," అంటాడు. అందరూ తలలు దించుకుంటారు. మూడు లెక్కపెట్టేంతసేపు ఆగి పాట ఎత్తుకుంటాడు. పన్నెండేళ్ళుగా ఎవరూ లేచింది లేదు.

అక్కయమ్మ లేచింది.

తలుపు దగ్గర కానుకల పళ్ళెం ఉంది. చెంగు ముడి విప్పి, పురుగుల గది తాళంచెవి తీసి అందులో పెట్టి బయటికి నడిచింది. కోడికూర పొయ్యి మీదికి ఎక్కించడానికి పోతోందని అందరూ అనుకున్నారు. పిళ్ళప్ప కూడా, సరే పో అన్నట్టు, తల ఊపాడు.

తన ఇంటి ముందు ఒక్క క్షణం నిలబడింది. లోపల వాన పలచబడుతోంది. ఆకు వేసే వేళ అయింది. ఆమె ఇల్లు దాటి నడిచింది.

చౌడమ్మ తట్ట ఒళ్ళో పెట్టుకుని గడపలో కూర్చుని ఉంది. అక్కయమ్మను చూసి బెదిరిపోయింది. "లోపలికి రావద్దు అక్కా, మీ పురుగులకు ఎవురు ఆకేస్తారు?"

"మా ఇంట్లో సంఘపెద్ద ఉండాడు," అంది అక్కయమ్మ గడప దాటుతూ. "సున్నం యాడుండాది?"