ఈశ్వరప్ప మండీకి థాయిలాండ్ మిషను

శ్రీనివాసపురం మామిడి మార్కెట్లో ఈశ్వరప్ప కంటికి ఎదురు లేదు. రైతు బుట్ట దించితే చాలు, పైనున్న కాయను బొటనవేలితో నిమిరి, ఒక నిట్టూర్పు విడిచి, "సెకండ్స్ అప్పా" అనేవాడు. ఆ నిట్టూర్పులో ఎంత జాలి ఉండేదంటే, మేలైన కాయ తెచ్చినవాడు కూడా తప్పు తనదేననుకుని తల వంచుకుని పోయేవాడు. అవే కాయలు మరునాడు లారీ ఎక్కేటప్పుడు ఫస్టు రకం ఎలా అయ్యేవో ఎవరూ అడగలేదు. రాత్రికి రాత్రి కాయకు బుద్ధొచ్చి బాగుపడి ఉంటుంది.

ఎదురు మండీ బచ్చప్ప తన ఆఫీసుకు ఏసీ పెట్టించిన ఏడాది ఈశ్వరప్పకు కంటి మీద కునుకు కరువైంది. వ్యాపారుల సంఘంతో కలిసి థాయిలాండ్ చూడటానికి పోయినప్పుడు అక్కడొక యంత్రం కనబడింది. తిరిగే బెల్టు పట్టా మీద కాయలు దొర్లుకుంటూ పోతుంటే, పైనున్న కెమెరాలు ఒక్కో కాయను అన్ని వైపులా ఫోటో తీసి, ఫస్టు, సెకండు, థర్డు అని వేరువేరు తొట్లలోకి తోసేస్తాయి. బచ్చప్ప ఏసీ ముందు ఇదెంత పెద్దగా కనబడుతుందో ఊహించుకుని, అక్కడికక్కడే బేరం కుదుర్చుకున్నాడు. అది చేసే పని ఏమిటని ఆలోచించే తీరిక ఆయనకు లేకపోయింది. తిరిగొచ్చి మార్కెట్ గేటు దగ్గర తన ఫోటో, యంత్రం ఫోటో పక్కపక్కనే వేసిన ఫ్లెక్సీ కట్టించాడు. రెండింట్లో యంత్రమే కళగా ఉందని, గౌనిపల్లి నుంచి ఏటా కాయ తోలుకొచ్చే చిక్కమ్మ తేల్చేసింది.

దిగుమతి పనులకు ఆయన తన పాత స్నేహితుడు రంగనాథ మాస్టారి కూతురు శ్రీరక్షను పట్టుకున్నాడు. కేజీఎఫ్ నుంచి రోజూ రైల్లో బెంగళూరు పోయి కస్టమ్స్ ఏజెంట్ ఆఫీసులో పనిచేసే పిల్ల. బంగారు గనులు మూతపడ్డాక తెల్లారితే ఆ ఊళ్ళో సగం మంది దిగేది పాతాళంలోకి కాదు, బెంగళూరు స్టేషన్లోనే.

"ఆ దేశంతో మనకు ఒప్పందం ఉండాది అంకుల్, సుంకం తగ్గుతాది. అయితే మిషను నిజంగా ఆ దేశంలోనే తయారైందని మనమే రుజువు చూపించల్ల" అంది శ్రీరక్ష.

"థాయిలాండోళ్ళు ఇచ్చిన సర్టిఫికెట్ ఉండాది కదమ్మా! సీలు ఎంత గుండ్రంగా ఉండాదో చూడు."

"ముందర చట్టంలో సర్టిఫికెట్ అనే ఉన్నింది. మొన్న ఆ మాట తీసేసి రుజువు అని రాసినారు. ఉత్త సీలు చాలదు. కెమెరా యాడిది, మోటారు యాడిది, థాయిలాండులో చేసిన పని ఎంత, అన్నీ అమ్మినోళ్ళ దగ్గర తెప్పించి పెట్టుకోండి."

"ఒక్క మాట మారిస్తే ఇంత పనా?"

"చట్టం కదా అంకుల్. మాటలతోనే చేస్తారు."

ఈశ్వరప్ప శ్రద్ధగా తల ఊపాడు. ఊపి, ఏమీ తెప్పించలేదు.

సీజను మొదలవకముందే యంత్రం రేవుకు చేరింది. సీజను మొదలయ్యాక ప్రశ్నలు వచ్చాయి. కెమెరా యాడిది, మోటారు యాడిది, అచ్చం శ్రీరక్ష చెప్పినవే. అడిగిన అధికారి ఏ ఊళ్ళో కూర్చున్నాడో ఎవరికీ తెలియదు. కంప్యూటర్లోనే అడుగుతాడు, కంప్యూటర్లోనే జవాబు చెప్పాలి. ఇంత అన్యాయం ఈశ్వరప్ప తన జన్మలో చూడలేదు.

"పేరు చెప్పమ్మా. రెండు బుట్టలు బాదామి మామిడి పండ్లు పట్టుకుని నేనే పోతాను."

"పేరు నాకూ తెలీదు అంకుల్. ముఖం కనపడకుండా చేసేదే ఇప్పటి పద్ధతి."

"ముఖం లేకపోతే పోనీ. పండు తినేదానికి నోరన్నా ఉంటాది కదా?"

రాయితీ వదులుకుని పూర్తి సుంకం కడితే సరుకు త్వరగా బయటికొస్తుందని ఆ పిల్ల చెప్పి చూసింది. "ఒప్పందం దేశాలు చేసుకున్నాయి. మధ్యలో వద్దనేదానికి నేనెవురు?" అన్నాడు ఈశ్వరప్ప. దేశం మీద ఇంత గౌరవం ఆయనకు జీఎస్టీ కట్టేటప్పుడు ఎన్నడూ పుట్టలేదు.

యంత్రం చేతికొచ్చేదాకా కస్టమ్స్ వాళ్ళను ఊరికే వదల్లేదు. బేరమాడిన రైతుకల్లా, "మిషను వచ్చుంటే నీకు న్యాయం జరిగేదప్పా. ఏం చేసేది? ఆ కస్టమ్సోళ్ళు రైతు నోట్లో మన్ను కొట్టినారు" అని కళ్ళు తుడుచుకుని, చీటీ మీద సెకండ్స్ అని రాసేవాడు. రైతులు కస్టమ్స్ వాళ్ళను తిట్టుకుంటూ పోయేవాళ్ళు.

చివరికి అమ్మిన కంపెనీ వివరాలు పంపింది. కెమెరాలు ఒక దేశానివి, మోటార్లు ఇంకో దేశానివి, థాయిలాండులో జరిగిందల్లా బోల్టులు బిగించి రంగు కొట్టడం. రాయితీ పోయింది. పూర్తి సుంకం, పైన వడ్డీ, రేవులో పడి ఉన్నందుకు బాడుగ, అన్నీ కక్కి యంత్రాన్ని తెచ్చుకునేసరికి తోటల్లో సీజను చివర కాసే నీలం రకం కాయలు తప్ప ఏమీ మిగల్లేదు.

అయినా ప్రారంభం ఘనంగానే జరిగింది. పూజారి వచ్చాడు, గుమ్మడికాయ పగిలింది, బచ్చప్ప కూడా ఏసీ వదిలి వచ్చి నిలబడ్డాడు. మొదటి బుట్ట చిక్కమ్మది. అలవాటు కొద్దీ ఈశ్వరప్ప బొటనవేలితో నిమిరి, నిట్టూర్చి, "సెకండ్స్" అనేశాడు. కాయలు పట్టా ఎక్కాయి. మొదటి కాయ ఫస్టు తొట్లోకి దొర్లింది. దాని వెనకే ఇంకోటి. ఆ వెనక వరసగా, పెళ్ళి బంతికి పిలిచినట్టు, అన్నీ అక్కడికే. సెకండు తొట్లో నాలుగు కాయలు బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాయి.

ఈశ్వరప్ప యంత్రం వీపు తట్టాడు. "మిషను కొత్తది కదా, ఇంగా అలవాటు పడల్ల" అన్నాడు.

"అది అలవాటు పడకముందే నా చీటీ రాసేయప్పా" అంది చిక్కమ్మ.

రాయక తప్పలేదు. అప్పటికే నంజుండప్ప అనే రైతు ట్రాక్టరు మీదికి కట్టేసిన బుట్టలను మళ్ళీ దించుతున్నాడు. అతనివి కూడా పొద్దున సెకండ్సే.

ఆ సాయంత్రమే ఈశ్వరప్ప శ్రీరక్షకు ఫోన్ చేశాడు. "అమ్మా, దీన్ని వాపసు తోలేసే చట్టమేమన్నా ఉండాదా?"

"ఏం అంకుల్, చెడిపోయిందా?"

"చెడిపోలేదు తల్లీ. అదే వచ్చిన కష్టం."

"ఇంగ చేసేదేమీ లేదు. కాగితాలు మాత్రం ఐదేళ్ళు భద్రంగా పెట్టుకోండి, ఎప్పుడన్నా అడగొచ్చు."

ఐదేళ్ళు, భద్రంగా, ఈ రెండు మాటలే ఈశ్వరప్ప చెవికెక్కాయి. మరునాడు యంత్రం మీద టార్పాలిన్ పరిచి, తాళ్ళు బిగించి, బోర్డు తగిలించాడు: "కస్టమ్స్ ఆజ్ఞ. ఐదేళ్ళు ముట్టరాదు." చాలా కాలం తరువాత ఆ పూట సుఖంగా నిద్రపోయాడు. చట్టమంటే ఏమిటో ఇప్పుడిప్పుడే అర్థమవుతోందని బచ్చప్పతో అన్నాడు కూడా.

మరుసటి ఏడు బాదామి పండ్లు కొనడానికి శ్రీరక్ష తండ్రితో కలిసి మండీకి వచ్చింది. చిక్కమ్మ నేరుగా ఆమె దగ్గరికే పోయింది. "పాపా, కస్టమ్స్ పని చేసేది నువ్వే కదా? దీన్ని ముడితే నిజంగానే జైలా?"

శ్రీరక్ష బోర్డు చదివింది. బుట్టల వెనకనుంచి ఈశ్వరప్ప కనుబొమ్మలతో, వేళ్ళతో, ఆఖరికి రెండు చేతులతో సైగలు చేశాడు. ఆమె చూసిందో, చూడనట్టు ఊరుకుందో తెలియదు.

"భద్రంగా పెట్టమనింది కాగితాలనమ్మా. మిషను ఊసు ఎవురూ ఎత్తలేదు" అంది.

ఎవరూ కేకలు వేయలేదు. తలా ఒక ముడి విప్పారు. నంజుండప్ప టార్పాలిన్‌ను నీటుగా మడిచి, పనికొస్తుందని తన ట్రాక్టర్లో వేసుకున్నాడు. ఇంకెవరో ముందు చెయ్యి పెడితే పరువు పోతుందని ఈశ్వరప్పే పోయి స్విచ్చి వేశాడు. వేస్తుంటే ఆయన ముఖం, సొంత బిడ్డను తానే పోలీసులకు అప్పగిస్తున్న తండ్రి ముఖంలా ఉంది.

ఆ ఏడు ముళబాగిలు వైపు నుంచి కూడా బండ్లు బచ్చప్ప మండీని దాటుకుని ఈశ్వరప్ప మండీకే వచ్చాయి. గల్లాపెట్టె నిండింది. ఫస్టు తొట్లో కాయ పడ్డ ప్రతిసారీ గుండెలో కూడా ఒక కాయ పడేది, అది వేరే సంగతి. రైతులకు న్యాయం చేసిన వ్యాపారి అని సంఘం వాళ్ళు శాలువా కప్పి మైకు చేతికిచ్చారు.

"మన దిగుమతి చట్టాలు మరీ వదులుగా ఉండాయి" అన్నాడు ఈశ్వరప్ప, శాలువా సర్దుకుంటూ. "ఇట్లాంటి మిషన్లను ఊరికే దేశంలోకి వదిలేస్తే, కంటిని నమ్ముకుని బతికేవాళ్ళ గతేమి? ఆ ముఖంలేని ఆఫీసరు ఇంగొంచెం గట్టిగా పట్టుకుని ఉండల్ల!"

వ్యాపారులంతా లేచి చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టింది బచ్చప్ప.