కెమెరా గడిలో పేరు

ఆదివారం చర్చి నుంచి రాగానే ప్రకాశం చొక్కా విప్పి మేకుకు తగిలించి కంప్యూటర్ ముందు కూర్చునేవాడు. పురానాపూల్ దగ్గర రెండు గదుల పోర్షన్ వాళ్లది. కంప్యూటర్‌కి ఒక మూల మొత్తం ఇచ్చేసి, దాని మీద కప్పడానికి రూప పూల గుడ్డ కుట్టింది. నయాపూల్ ఫుట్‌పాత్ మీద కొన్న సీడీలన్నీ ప్రకాశం అందులోకి ఎక్కించాడు. రెండువేల ఆరు వేసవి నాటికి నాలుగువందల పన్నెండు సినిమాలయ్యాయి. పిల్లలు లేని ఇంట్లో అవే సందడి.

ప్రకాశం ఒక సర్కారు ఆఫీసు రికార్డు రూములో గుమస్తా. అలవాటు కొద్దీ ప్రతి సినిమాకీ గడులు పెట్టాడు. పేరు, సంవత్సరం, హీరో, రకం, ముగింపు, కెమెరా ఎవరిది అని. చిక్కల్లా ఆ గడుల్ని ఇంట్లో ఇద్దరూ నింపడమే. ఒకే సినిమా మూడుచోట్ల ఉండేది, మూడుచోట్లా మూడు సంవత్సరాలు. ఒకచోట హీరో ఇంటిపేరుతో సహా ఉంటే ఇంకోచోట ‘మీసాలాయన’ అని ఉండేది. ప్రకాశం ‘కుటుంబ కథ’ అని రాసిన దానికే రూప మళ్లీ ‘అన్నం వండుకుంటూ చూడొచ్చు’ అని రాసేది.

“ఏందిది రూపా? గిది రకమా?”

“మరి కాదా? చూసేటోళ్లకు గదే కావాలె.”

నవ్వుకుని ఊరుకుందామంటే కుదరదు. ఆ కంప్యూటర్‌లో గడిలో ఏది రాస్తే సినిమా అట్లాగే నడిచేది. సంవత్సరం బాగా వెనక్కి వేస్తే రంగులు పోయేవి. రూప ఓసారి దెయ్యం సినిమాకి ‘హాస్యం’ అని రాసేసింది. పాపం ఆ దెయ్యం మూడు గంటలపాటు తన వెనక్కి తిరిగిన పాదాలకు సరిపోయే చెప్పుల కోసం బజారంతా తిరిగింది. పక్క పోర్షన్ లీలమ్మ వచ్చి, “అన్నా, గా సినిమాల తల్లి సచ్చిపోతది, నాతోని కాదు. జర బతికించు” అంటే ప్రకాశం ముగింపు గడిలో ‘తల్లి బతికింది’ అని రాసిచ్చాడు. పాత ముగింపే బాగుండెనని లీలమ్మ మొగుడు వచ్చి లొల్లి పెట్టాడు కానీ లాభం లేకపోయింది. ఒకసారి రాసినదాన్ని కొట్టేసి కొత్తది రాసి సేవ్ చేశాక ఆ గడి మళ్లీ మారదు.

ఆ వేసవిలోనే రూప తమ పెళ్లి క్యాసెట్ పాడైపోతోందని సీడీ చేయించుకొచ్చింది. ఆమె ఒకసారి, ప్రకాశం ఒకసారి దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించారు. ఎప్పటిలాగే రెండింటి గడులూ కలవలేదు. అతను ఖాళీగా వదిలిన కెమెరా గడిలో ఆమె ‘డానియేలు’ అని రాసింది.

“గీ డానియేలు ఎవరు?”

“మన పెళ్లికి క్యాసెట్ తీసినాయన. నయాపూల్‌ల దుకాణం. సీడీ చేసిచ్చింది గూడ ఆయనే.”

“పన్నెండేండ్లయినంక గూడ పేరు యాదికున్నదా?”

“దుకాణం మీద బోర్డున్నది గద.”

ప్రకాశం ఆ పెళ్లిని మొదటి నుంచి చివరిదాకా చూశాడు. తెల్లచీరలో రూప చర్చి గుమ్మంలో నవ్వింది, ఉంగరం తొడిగేటప్పుడు నవ్వింది, కేకు కోసేటప్పుడు నవ్వింది. ప్రతి నవ్వూ కెమెరా వైపే. పక్కన కోటు వేసుకుని నిలబడ్డ తన వైపు ఒక్కసారి కూడా తిరగలేదు. సినిమా ఆపి రూపను పిలిచాడు.

“ఒక్కసారన్న నా దిక్కు చూసినవా?”

“‘ఇటు సూడు చెల్లే, నవ్వు చెల్లే’ అని ఆయన ఒక్కతీరు మొత్తుకునుడు. చూడకుంటే లైటు మొహం మీద కొడుతుండె. నీ చెయ్యేమో గడగడ వణుకుతుండె. పూలగుత్తి కింద నేను పట్టుకోలే? పాటలు అయిపోయేదాక ఇడువలే. అది యాదికి లేదా?”

“అది క్యాసెట్‌ల లేదు.”

రూప వంటింట్లోకి వెళ్లిపోయింది. ఫైల్లో లేనిది జరగనట్టే అని నమ్మే మనిషితో ఎవరు మాత్రం ఏం వాదిస్తారు?

మర్నాడు ప్రకాశం ఆఫీసు నుంచి నయాపూల్ వైపు వెళ్లి ఆ దుకాణం వెతికి పట్టుకున్నాడు. డానియేలుకి బట్టతల, బొజ్జ, నోటినిండా పాన్. “ఆవో భాయ్, ఏం క్యాసెట్?” అని మర్యాదగానే అడిగాడు. ఏమీ లేదని వచ్చేశాడు. ఆ బట్టతల చూసి కూడా కుళ్లు తగ్గలేదు సరికదా, ఇట్లాంటివాణ్ని చూసి అట్లా నవ్విందా అని ఇంకాస్త పెరిగింది. వారం రోజులు అన్నం సహించలేదు.

ఆ తర్వాతి ఆదివారం మధ్యాహ్నం రూప, లీలమ్మతో కలిసి గాజులకని లాడ్ బజార్ వెళ్లింది. ప్రకాశం తలుపు దగ్గరగా వేసి, తను ఎక్కించిన పెళ్లిని తీసేశాడు. రూప ఎక్కించిన దాంట్లో ‘డానియేలు’ని కొట్టేసి ‘ప్రకాశం’ అని రాశాడు. ఆ నవ్వులన్నీ ఇక తనవే. సేవ్ చేసి సినిమా పెట్టాడు.

చర్చి గుమ్మంలో తెల్లచీర కనపడింది. రూప సూటిగా అతని కళ్లలోకి చూసి నవ్వింది. ప్రకాశం గుండె నిండిపోయింది.

“ఇటు సూడు చెల్లే, నవ్వు చెల్లే” అని ఎవరో మొత్తుకున్నారు.

అది తన గొంతే.

పెళ్లికొడుకు ఒకేసారి రెండుచోట్ల నిలబడలేడన్న సంగతి, పదిహేనేళ్లుగా ఫైళ్లు సర్దుతున్న మనిషికి అప్పుడు తట్టింది. రూప పక్కన కోటు వేసుకుని డానియేలు నిలబడి ఉన్నాడు. కెమెరా వాళ్ల దగ్గరికి వెళ్లింది. అనుమానం పట్టినట్టు మెల్లగా కిందికి వంగింది. పూలగుత్తి కింద, వణుకుతున్న పెళ్లికొడుకు చేతిని రూప చెయ్యి గట్టిగా పట్టుకుని ఉంది.

ఈసారి అది క్యాసెట్‌లో ఉంది.

ప్రకాశం గడిలో మళ్లీ ‘డానియేలు’ అని కొట్టాడు. గడి తీసుకోలేదు. ఇంకోసారి కొట్టాడు. మేకుకి తన చొక్కా లేదు, పెద్ద సైజుది ఏదో వేలాడుతోంది. కాళ్ల దగ్గర కెమెరా సంచి ఉంది, దాని మీద తన పేరుతో నయాపూల్ దుకాణం అడ్రసు.

తలుపు తోసుకుని కొత్త గాజులతో రూప వచ్చింది.

“ఎక్కిందా అన్నా క్యాసెట్? మా ఆయన చర్చి కాడ ఉన్నడు, వచ్చేస్తడు. చాయ్ పెడత, తాగి పో.”

“రూపా...” అన్నాడు ప్రకాశం.

ఆమె వినలేదు. తెర ముందుకొచ్చి వంగి చూస్తోంది.

“మస్తు మంచిగ తీసినవన్నా. గీ చేతులు గూడ వచ్చినయి! గప్పుడు ఎవ్వరు చూడలేదనుకున్న.”

తెర మీద ఆ రెండు చేతుల్ని వేలితో తాకి రూప నవ్వింది. ఎవరూ నవ్వమని అనలేదు.